విశ్వాసమ్మ తొలి రొట్టె

కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద, ఓర్వకల్లు రాతిగుట్టలు దాటాక, రాళ్లకుంటకు చీలే అడ్డరోడ్డు దగ్గర ఒక రేకుల పందిరి ఉంది. పందిరి కింద రెండు పొయ్యిలు, రెండు ఇనుప పెనాలు, వాటి వెనక విశ్వాసమ్మ. తెల్లవారేసరికి ఆమె మోచేతుల దాకా జొన్నపిండి అంటి ఉంటుంది. ఫ్యాక్టరీల పనికి పోయే కూలీలు, విమానాశ్రయం కాపలావాళ్లు, స్కూటర్ల మీద పోయే టీచర్లు అందరూ అక్కడ ఆగి రొట్టెలూ ఊరుబిండి పచ్చడీ కట్టించుకుని పోతారు. యాభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆమె రొట్టె తట్టే చప్పుడు రోడ్డవతల మాబాషా పంక్చర్ షాపు దాకా వినిపిస్తుంది.

ఎంత గిరాకీ ఉన్నా, ఎవరెంత తొందర పెట్టినా, పెనం మీది తొలి రొట్టెను మాత్రం ఆమె అమ్మదు. పొయ్యి రాజేశాక కాసేపు కళ్లు మూసుకుంటుంది. "ప్రభువా, ఈ పొద్దు ఎవురికి?" అని అడుగుతుంది. ఎవరి మొహం మనసులోకి వస్తే వాళ్లకు ఆ రొట్టె. వాళ్లు దగ్గర్లో ఉంటే అప్పుడే ఇచ్చి వస్తుంది. దూరమైతే గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, గిరాకీ తగ్గాక నడిచిపోయి ఇచ్చి వస్తుంది.

మాబాషాకు ఇది రోజూ పొద్దున్నే ఒక తమాషా.

"ఏమక్కా, ఈ పొద్దు మీ దేవుడు ఎవురి పేరు చెప్పినాడు?"

"నీ పేరైతే చెప్పల్యాప్పా."

"ఎప్పుడో ఒకప్పుడు చెప్పకపోతాడా. కాసుకోనుంటాలే."

నిజానికి మాబాషా పేరు చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అతను పంక్చర్ పని ఆపి, చేతులు కడుక్కుని, నిలబడి ఆ రొట్టె తినేవాడు.

అన్నిసార్లూ అంత చక్కగా కుదిరేది కాదు. ఒకరోజు బడి పంతులమ్మ స్వర్ణలత మొహం కళ్ల ముందుకు వచ్చింది. ఎండలో నడిచి బడికి పోతే, "నాకు జొన్నరొట్టె పడదమ్మా, కడుపులో మంట" అని ఆమె నవ్వి పంపేసింది. ఇంకోరోజు కరెంటు లైన్‌మన్ రామాంజి మొహం వచ్చింది. వెతుక్కుంటూ పోతే అతను ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నీడన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తల్లి పోయి ఇంకా దినాలు కాలేదు. రొట్టె చూసి, "నేను తినల్యాదని నీకెవురు చెప్పినారు?" అని ఏడ్చేశాడు.

"రామాంజి సంగతి సరే. పంతులమ్మ సంగతేంది?" అని మాబాషా అడిగితే విశ్వాసమ్మ ఏమాత్రం తడుముకోలేదు.

"నాకు సరిగ్గా ఇనపడలేదేమోలే. అంతమాత్రాన రొట్టె యాడికి పోతాది? బడి ఆయా తినింది."

ఈ అడిగే అలవాటు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. భర్త ఏసేపు పోయినాక వచ్చింది.

ఏసేపు నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాడు. దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి, ఒక ఎండాకాలం ప్రాణం వదిలాడు. రాళ్లకుంట బయట వీళ్లుండే కాలనీ సమాధులు గుట్టకు అవతల ఉన్నాయి. అక్కడికి పోయే దావ పెద్ద ఈరన్న చేను గట్టు మీదుగా పోతుంది. ఈరన్న ఊళ్లో భూములున్న మోతుబరి. మాట కరుకు. ఆ ఏడు కాలనీ మేకలు పడి ఆయన చెనిక్కాయ పంటను నాశనం చేశాయి. కాలనీ పిల్లగాళ్లు తప్పు ఒప్పుకోకపోగా ఎదురు మాట్లాడారు. ఆయన ఆ కోపంతో గట్టుకు ముళ్లకంచె వేయించాడు. ఏసేపును మోసుకుపోయే రోజు కాలనీ పెద్దలు పోయి బతిమాలారు.

"ఈడ దావ ల్యాదు. గుట్ట మీద పోండి" అన్నాడాయన.

గుట్ట మీదనే పోయారు. బండరాళ్ల మధ్య మనిషి ఒంటరిగా ఎక్కడమే కష్టం. పెట్టె మోసేవాళ్లలో ఒకరి కాలు జారింది. పెట్టె మూల బండకు కొట్టుకుంది. వెనకనే వస్తున్న విశ్వాసమ్మ చెవిలో ఆ చప్పుడు అట్లానే ఉండిపోయింది. కొన్నేళ్లకు ఆ చేను ఫ్యాక్టరీల కోసం ప్రభుత్వం తీసుకుంది. కంచె పోయి తారురోడ్డు పడింది. ఇప్పుడు సమాధుల దాకా ఆటో పోతుంది. అయినా ఈరన్న ఎదురైతే విశ్వాసమ్మ తల పక్కకు తిప్పుకునే పోయేది.

భర్త పోయిన కొత్తలో ఆమె చాప మీదినుంచి లేచేది కాదు. పగలంతా ప్రార్థనే, ప్రార్థనంతా ఏడుపే. అత్త మరియమ్మ చూసి చూసి ఒకరోజు పక్కన కూర్చుంది. "నీ దుక్కం ఆయనకు శానా చెప్పుకున్నావు. ఇంగ ఒక పొద్దు ఆయన్ని గూడా మాట్లాడనీ" అంది. ఆ ముసలామె ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం కోడలికి నిలిచింది. మరుసటి రోజు విశ్వాసమ్మ చాప మడిచి, పొయ్యి రాజేసి, ఏడవకుండా మొదటిసారి అడిగింది. పక్కింట్లో బాలింత పిల్ల మొహం వచ్చింది. అట్లా మొదలైంది.

ఏళ్లు గడిచాయి. ఒక రోజు పొద్దున కళ్లు మూసుకుంటే పెద్ద ఈరన్న మొహం వచ్చింది.

విశ్వాసమ్మ కళ్లు తెరిచింది. పెనం వేడెక్కింది. రొట్టె వేసింది. "ఇది కాదు" అనుకుని ఆ రొట్టె మాబాషాకు ఇచ్చేసింది. అతను సంతోషంగా తిన్నాడు. మర్నాడూ అదే మొహం. ఆమె రొట్టెను బస్సు కోసం నిలబడిన ముసలాయన చేతిలో పెట్టింది. ఆ తర్వాత అడగడమే మానేసింది. అడగకుండానే తొలి రొట్టె కాల్చి, ఎవరు ముందు కనబడితే వాళ్లకు ఇచ్చింది. అన్నం సయించేది కాదు. గిరాకీ మీద చిరాకు పడేది. ఒకసారి చిల్లర అడిగిన కూలీని కసిరింది కూడా.

"ఏమైందక్కా?" అని మాబాషా భార్య అబీదా బీ అడిగింది.

"ఏమీ ల్యాదు. ఎండ" అంది విశ్వాసమ్మ.

ఆదివారం ఆరాధన అయినాక ఆమె పాస్టరు లేవి దగ్గర నిలబడింది. లేవి కడప వైపు మనిషి. నెమ్మదస్తుడు. తొందరపడి దేవుని పేరు మీద ఏదీ చెప్పడు.

"అయ్యగారూ, మనసులో వచ్చే మాట దేవునిదో మనదో ఎట్ల తెలుస్తాది?"

లేవి చేతిలో బైబిలు మూసి పక్కన పెట్టాడు. "నాకూ అన్నిసార్లు తెలియదమ్మా. కానీ ఒకటి చూసుకుంటా. ఆ మాట నాకు శానా ఇష్టంగా ఉంటే రొంత అనుమానిస్తా. నాకు ఇష్టం ల్యాకున్నా ఇంకొకరికి మేలు చేయమంటే మాత్రం, అది నా సొంత మాటని అనుకోను. ఎందుకంటే నేను అంత మంచోణ్ణి కాదు."

విశ్వాసమ్మ తల ఊపి బయటికి నడిచింది. అది ఎవరి గురించో ఆయన అడగలేదు.

సోమవారం తొలి రొట్టె గుడ్డలో చుట్టుకుని ఆమె ఈరన్న ఇంటికి పోయింది. ఈరన్న అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. జుట్టు నెరిసింది. మనిషి కాస్త వంగాడు. గొంతు మాత్రం వంగలేదు.

"ఏం పనిమీద వచ్చినావు?"

"రొట్టె తెచ్చినా పెద్దయ్యా."

"నేనడిగితినా?"

"ల్యాదు. ఇయ్యాలనిపించింది, తెచ్చినా."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ ఇంటి రొట్టె మా ఇంట్ల ఎవురు తింటారు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వెనక్కి తిరిగి పోదామనిపించింది. కానీ చేతిలో రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. "తినకపోతే గొడ్డుకు పెట్టు పెద్దయ్యా" అని అరుగు చివర పెట్టి వచ్చేసింది. రోడ్డెక్కే దాకా ఏడుపు ఆపుకుంది. రోడ్డెక్కాక కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పోయినా కదా, చెప్పినట్ల చేసినా కదా, ఇంగ అయిపాయ" అని దేవునితో అంది.

అయిపోలేదు. మర్నాడు కూడా ఆయన మొహమే.

ఈసారి ఆమె వంకలు పెట్టలేదు. పోయింది. ఈరన్న ఆ రొట్టెను ఆమె చూస్తుండగానే ఎనుముకు పెట్టాడు. మరుసటి రోజు కూడా అంతే. ఎనుము ఆమెను గుర్తుపట్టి తల ఎగరేసేది. ఊళ్లో నవ్వుకున్నారు. కాలనీలో తిట్టారు. "మొగుణ్ణి గుట్ట ఎక్కిచ్చినోనికి రొట్టెలు మోస్తాండాది, సిగ్గు ల్యాదు" అన్నారు. ఎవరికీ ఏమీ చెప్పలేకపోయింది. ఎందుకు పోతోందో ఆమెకే తెలియదు. దేవుడు పొమ్మన్నాడు, పోతోంది. అంతవరకే తెలుసు.

ఒకనాడు పోయేసరికి అరుగు మీద ఈరన్న లేడు. ఇంటి పక్కనున్న గొడ్ల కొట్టం నుంచి ఆయన భార్య కృష్ణవేణమ్మ పిలిచింది. ఆమెను విశ్వాసమ్మ ఎరిగినదే, మాట్లాడింది మాత్రం ఎన్నడూ లేదు. తెల్లని మనిషి. ఊళ్లో ఆడవాళ్లంతా గౌరవంగా చూసే మనిషి.

"ఆ రొట్టె ఇట్లియ్యి" అంది కృష్ణవేణమ్మ. తీసుకుని, కొట్టంలోనే నిలబడి, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. "మా అమ్మ ఇట్లనే పలచగ తట్టేది" అంది.

అప్పటినుంచి రొట్టె ఎనుముకు పోలేదు. విశ్వాసమ్మ కొట్టం వైపే పోయేది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకునేవాళ్లు. పాలు, వానలు, చెనిక్కాయల ధర. కృష్ణవేణమ్మ ఎడమ చెయ్యి సరిగ్గా ఎత్తలేకపోవడం విశ్వాసమ్మ గమనించింది. అడగలేదు. ఒకరోజు కృష్ణవేణమ్మే కొట్టం తలుపు దగ్గరకు వేసి, రవిక పక్కకు జరిపి చూపించింది.

ఎద పక్కన గడ్డ. చుట్టూ చర్మం లోపలికి గుంజుకుపోయింది. పైన పసుపు పట్టు.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?"

"పోయిన ఎండాకాలం నుంచి ఉండాది. ఎవురికీ చెప్పల్యా. మాయమ్మ ఇట్ల గడ్డొచ్చే పోయింది. చెప్తే నిజమైపోతాదని భయం. మగ డాక్టరు ముందర ఎట్ల చూపిచ్చేది? ఆయప్పకు చెప్తే అరుస్తాడు. చేను పోయినప్పటి నుంచి ఆ మనిషి మనిషిగా ల్యాడు."

"మరి నాకెందుకు చెప్పినావు?"

కృష్ణవేణమ్మ కళ్లనిండా నీళ్లు. "ఎనుముకు పెడతాన్నా నువ్వు దినామూ వస్తాంటివి. చూస్తాంటి. నీకైతే చెప్పచ్చనిపిచ్చింది."

ఆ రోజు విశ్వాసమ్మ అడ్డరోడ్డుకు నడుచుకుంటూ వస్తూ రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది. ఇన్నాళ్లు పోయింది ఈరన్న కోసం కాదు. ఆయన మొహం చూపించి, ఆ ఇంటి గుమ్మం దాకా తెచ్చి, ఆయన వెనకున్న మనిషి దగ్గర నిలబెట్టాడు దేవుడు. కృష్ణవేణమ్మ పేరే చెప్పి ఉంటే తాను ఎప్పుడో పోయేది. అప్పుడు ఈరన్న మీది కోపం అట్లానే మిగిలేది. ఇంత విడమరిచి ఆమె అప్పుడే అనుకోలేదు. చాలా రోజులకు అబీదా బీతో అంది.

సంఘంలో తాను నమ్మిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను, పేరు చెప్పకుండా, ప్రార్థన చేయమని అడిగింది. వాళ్లు ఎవరో కనిపెట్టనే కనిపెట్టారు. "మన గుడికి పిలుచుకోనిరా. నూనె రాసి ప్రార్థన చేస్తాం. తగ్గితే ఊరంతా చూస్తాది. ఈరన్న కూడా దిగొస్తాడు" అన్నారు. విశ్వాసమ్మకు ఆ మాట తియ్యగానే ఉంది. ఈరన్న గుడి మెట్ల మీద తల వంచుకుని నిలబడినట్టు మనసులో కనిపించింది కూడా. అది మరీ ఇష్టంగా ఉండేసరికి ఆమెకు లేవి అయ్యగారి మాట గుర్తొచ్చింది.

మోకాళ్లూని అడిగింది. కళ్ల ముందుకు గుడి రాలేదు. నూనె రాలేదు. కర్నూలు బస్సు వచ్చింది.

"లేమ్మా, పెద్దాసుపత్రికి పోదాం" అంది మర్నాడు కొట్టంలో.

"ఆయప్పకు తెలీకుండా పోదామా?"

"వద్దు. అబద్ధం మీద నిన్ను పిలుచుకోని పోలేను. నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా."

కృష్ణవేణమ్మ చెప్పింది. ఈరన్న అరిచాడు. ఎవరి మీదో తెలియకుండా అరిచాడు. విశ్వాసమ్మను చూసి, "నీకు ముందు తెలుసునా? ఊరోళ్లకు తెలిసినాక నాకా?" అని మీదికి వచ్చాడు. ఆమె కదలలేదు. ఆయన గొంతు ఉన్నట్టుండి పడిపోయింది. అరుగు మీద కూలబడ్డాడు.

"ఇన్నేండ్లు కాపురం చేసినా. నాతో చెప్పుకోల్యాకపోయినావా, కిష్టవేణీ?"

కృష్ణవేణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన లేచాడు. లోపలికి పోయి చొక్కా తొడుక్కుని వచ్చి, "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

ఊళ్లో పంచాయితీలు తీర్చిన ఈరన్న ఆసుపత్రిలో దారి తప్పిన మనిషిలా అయిపోయాడు. ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఏ గదికి పోవాలో ఆయనకు అంతుపట్టలేదు. విశ్వాసమ్మకూ ఏమీ తెలియదు. కానీ ఆమెకు అడగడం తెలుసు. ఊడ్చే ఆమెను అడిగింది, నర్సును అడిగింది, కాపలావాణ్ణి అడిగింది. ఒకరు కసిరితే ఇంకొకరి దగ్గరికి పోయింది. పరీక్ష చేసింది ఆడ డాక్టరే. తెర వెనక కృష్ణవేణమ్మ చెయ్యి విశ్వాసమ్మ చేతిలోనే ఉంది. గడ్డ చెడ్డదేనని తేలింది. అయినా ఇంకా వేరే చోటికి పాకలేదని, ఆపరేషన్ చేసి మందులు ఎక్కిస్తే బతికే వీలుందని డాక్టరమ్మ చెప్పింది. "ఇంకా ఆలస్యం చేసుంటే ఈ మాట చెప్పేదాన్ని కాదు" అని కూడా అంది.

ఆపరేషన్ రోజు, ఆ తర్వాత మందులు ఎక్కించే రోజులు, విశ్వాసమ్మ కర్నూలులోనే ఉండేది. పందిరి మూతపడలేదు. అబీదా బీ వచ్చి పెనాల ముందు కూర్చుంది. ఆమె రొట్టెలు కొంచెం మందం. గిరాకీలు గొణిగితే మాబాషా రోడ్డవతల నుంచే అరిచేవాడు. "మందంగుంటే బలమప్పా, తిను!"

ఆపరేషన్ గది బయట ఈరన్న, విశ్వాసమ్మ ఒకే బెంచీ మీద ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చున్నారు. ఆయన నేల చూస్తూనే అన్నాడు.

"ఆ పొద్దు దావ మూయకుండా ఉండాల్సింది."

ఈ మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో విశ్వాసమ్మకు ఆ క్షణం దాకా తెలియదు. క్షమించేశాననుకుంది. రొట్టెలు మోసింది కాబట్టి అయిపోయిందనుకుంది. అయిపోలేదు. గుట్ట మీది ఆ చప్పుడు మళ్లీ చెవిలో మోగింది.

"పెట్టె బండకు తగిలింది పెద్దయ్యా" అంది. "మా ఆయనకు తగిలినట్లే అనిపిచ్చింది నాకు."

ఈరన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆమె ఓదార్చలేదు. ఆమె కూడా ఏడ్చింది. నర్సు బయటికి వచ్చి, "ఆపరేషన్ బాగా జరిగింది, ఎందుకేడుస్తాండారు?" అని ఇద్దరినీ మందలించింది.

కృష్ణవేణమ్మకు జుట్టంతా ఊడింది. నోట్లో పుండ్లు లేచాయి. ఏదీ సయించేది కాదు. మజ్జిగలో నానబెట్టిన జొన్నరొట్టె ఒక్కటే గొంతు దిగేది. నెలలు గడిచాయి. జుట్టు కొత్తగా, పొట్టిగా, ఉంగరాలు తిరిగి మొలిచింది. డాక్టరమ్మ చూసి, ఇప్పటికి బాగుందని, క్రమం తప్పకుండా వచ్చి చూపించుకోమని చెప్పింది. అప్పటికి విశ్వాసమ్మ పిలుపు "అమ్మా" నుంచి "అక్కా"కు మారింది. ఎప్పుడు మారిందో ఇద్దరూ చెప్పలేరు.

అప్పుడు కృష్ణవేణమ్మ ఒకటి అడిగింది.

"బాగైతే మంత్రాలయం వస్తానని రాగవేంద్రసామికి మొక్కుకోనుంటి. నువ్వూ నాతో రావాల. నువ్వు ల్యాకుండా యాడికీ పోబుద్ధి కాదు నాకు."

విశ్వాసమ్మ ఇరుకున పడింది. సంఘంలో తెలిస్తే ఊరుకోరు. రాననడానికి నోరు రాదు. మోకాళ్లూనింది. ఏమీ రాలేదు. మళ్లీ అడిగింది. ఏమీ లేదు. అన్నేళ్లలో ఆమెకు అంత మౌనం ఎన్నడూ ఎదురుకాలేదు. ఈరన్న పేరు వచ్చినప్పుడు వద్దనుకున్న మనిషి, ఇప్పుడు పోవాలనో వద్దనో ఏదో ఒకటి చెప్తే చాలునని కూర్చుంది. చివరికి లేచి ముఖం కడుక్కుంది. దేవుడు ముందు చెప్పిన మాట కృష్ణవేణమ్మతో ఉండమనే కదా, దాన్ని ఆయన ఇంకా వెనక్కి తీసుకోలేదు కదా అనుకుంది. ఆ మాట మీదే బస్సెక్కింది.

ఎమ్మిగనూరు మీదుగా పోయే బస్సు కిటకిటలాడుతోంది. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని చెనిక్కాయలు తింటూ పోయారు. మఠం దగ్గర విశ్వాసమ్మ ఆగిపోయింది.

"అక్కా, నేను లోపలికి రాను. ఏటి కాడ ఉంటా."

"తెలుసులే. చెప్పులు చూసుకో" అంది కృష్ణవేణమ్మ, ఏమాత్రం నొచ్చుకోకుండా.

తుంగభద్రలో నీళ్లు పలచగా, రాళ్ల మధ్య పాయలు పాయలుగా పారుతున్నాయి. విశ్వాసమ్మ ఒడ్డున రాతి మీద చెప్పుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని తన ప్రభువుకు దండం పెట్టుకుంది. కృష్ణవేణమ్మ ప్రాణం కోసం పెట్టుకుంది. కృష్ణవేణమ్మ లోపల తన దేవునికి చెప్పుకుంటోంది, తాను ఇక్కడ చెప్పుకుంటోంది. ఇది తప్పో ఒప్పో ఆమెకు తెలియలేదు. మనసు మాత్రం నెమ్మదిగా ఉంది.

కృష్ణవేణమ్మ తిరిగొచ్చి అరటిపండ్లు చేతిలో పెట్టింది. "ఇయి దేవుని కాడ పెట్టినయి కాదు, బయట అంగట్ల కొన్నా. తిను" అంది. తన కోసం అంత ఆలోచించి కొన్న పండు అంతకుముందు ఆమె ఎప్పుడూ తినలేదు.

ఆదివారం గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఆమెను కూర్చోబెట్టారు. "పేరు విశ్వాసమ్మ, పోయేది మంత్రాలయమా?" అని ఒకరు అన్నారు. లేవి అయ్యగారు కూడా పక్కన కూర్చుని ఉన్నాడు.

"లోపలికి పోల్యా. మొక్కల్యా" అంది విశ్వాసమ్మ. "తోడు పోయినా. జబ్బులో తోడున్నప్పుడు మీరందరూ మెచ్చుకొంటిరి. ఆమె సంతోషంలో తోడుంటే తప్పైందా?"

"దేవుడు పొమ్మన్నాడా?" అని లేవి మెల్లగా అడిగాడు.

"ల్యాదయ్యగారూ. ఏమీ చెప్పల్యా. అబద్ధమెందుకు? శానా అడిగినా. గమ్మునుండె. ఆమెతో ఉండమని ముందు చెప్పినాడు కదా, దాని మీదనే పోయినా. తప్పైతే ఆయనే దిద్దుతాడు."

లేవి పెద్దలవైపు తిరిగాడు. "దేవుడు చెప్పినాడని ఈమె ఒక్క మాటంటే మనమంతా నోరు మూసుకునేవాళ్లం. ఆ మాట అనలేదు చూడండి. నాకైతే ఈమెను అడగడానికి ఇంకేమీ లేదు" అన్నాడు. ఒకరిద్దరు మొహాలు ముడుచుకున్నారు. వాళ్లు ఇప్పటికీ ఆమెతో ముక్తసరిగానే మాట్లాడతారు.

మరికొన్నాళ్లకు లేవి ఆమెను సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నాడు. ఆ రోజు గుడి నిండింది. వెనక వరసలో కృష్ణవేణమ్మ కూడా వచ్చి కూర్చుంది. పొట్టి జుట్టులో కనకాంబరాలు పెట్టుకుంది. నొసట కుంకుమ ఉంది. ఈరన్న బయట మోటారుసైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

పెద్ద అద్భుతం వింటామని అందరూ చెవులు నిక్కించారు. విశ్వాసమ్మ లేచి మైకు పట్టుకుంది. ఇటూ అటూ చూసింది. గుడినిండా ఆడవాళ్లు, కొంగులు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నారు.

"దేవునికి స్తోత్రం" అంది. "ఆడోళ్లు యాడన్నా గడ్డ తగిలితే, నెత్తురు కనిపిస్తే దాచుకోవద్దండి. ఆసుపత్రి ఉండాది. సిగ్గుపడితే ప్రాణం పోతాది. దేవుడు నాకు చూపిచ్చింది ఇదే."

మైకు ఇచ్చేసి కూర్చుంది. వెనక నుంచి కృష్ణవేణమ్మ గొంతు పెద్దగా వినిపించింది. "నిజమే చెప్పింది, ఇనండి!"

గుడంతా నవ్వింది. లేవి కూడా నవ్వాడు.

ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుంటే, విశ్వాసమ్మ మోచేతిని ఎవరో పట్టుకున్నారు. ప్రసన్నకుమారి. మంత్రాలయం సంగతి తెలిసినప్పటి నుంచి విశ్వాసమ్మతో ముక్తసరిగా మాట్లాడే సంఘ పెద్ద ఒకాయనకు కోడలు. పిల్ల కళ్లు ఎత్తలేదు.

"అత్తా, నాకు ఒకటి చూపియ్యాల. ఎవురికీ చెప్పకు."

విశ్వాసమ్మ ఆమెను జనంలోంచి పక్కకు, గుడి గోడ నీడలోకి తీసుకుపోయింది. ఆ వెనకే కృష్ణవేణమ్మ వచ్చి, ఎవరూ ఇటు రాకుండా కొంగు నడుముకు దోపి అడ్డం నిలబడింది.